మొదటి కడుగు నీళ్ళు

మా అమ్మ పోయి రెండేళ్ళు దాటింది. నిరుడు ఆవిడ ఆరుసార్లు సంస్కారం తీసుకున్నట్టు మా సంఘం రిజిస్టరులో రాసి ఉంది. ఆరు నెలలకు ఆరు టిక్కులు. అన్నీ ఒకే నీలం సిరా, ఒకే ఒత్తు, ఒకే వాలు. పంతొమ్మిదేళ్ళుగా డయాసిస్ ఆఫీసులో, అంటే మా బిషప్ గారి ఆఫీసులో, టైపిస్టును నేను. నెలకొకటి చొప్పున పెట్టిన టిక్కులకూ, ఒక పూట కూర్చుని కుమ్మరించిన టిక్కులకూ తేడా నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

నాకు ఏడుపు రాలేదు. లేచి ఫిల్టరు దాకా వెళ్ళి, గ్లాసు నింపుకుని, తాగకుండానే తెచ్చి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను.

సంస్కారం అంటే తెలియనివాళ్ళుంటారు కాబట్టి చెబుతాను. నెలలో మొదటి ఆదివారం ఆరాధన చివర అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఒక రొట్టెముక్కా, బొటనవేలంత గాజు కప్పులో ద్రాక్షరసమూ ఇస్తారు. మోకాళ్ళూని తీసుకుంటాం. బాప్తిస్మం పొంది, సంఘం దృష్టిలో ఏ మచ్చా లేనివాళ్ళకే అది ఇస్తారు. ఏడాదికి కనీసం మూడుసార్లు తీసుకున్నవాళ్ళే పూర్తి సభ్యులు, వాళ్ళకే ఓటు. మా అమ్మకు చివరి పన్నెండేళ్ళూ దాన్ని ఆపేశారు. మనిషి మట్టిలో కలిశాక మాత్రం మానకుండా ఇస్తున్నారన్నమాట.

ఈ సంగతి నా కంటబడటానికి కారణం డైరెక్టరీ. మా డయాసిస్ ఏర్పడి డెబ్బై అయిదేళ్ళయిన సందర్భంగా లావుపాటి పుస్తకం ఒకటి వేస్తున్నారు. ముందు బిషప్ గారి ఫొటో, తర్వాత ఆయనదే ఇంకో ఫొటో, ఆ తర్వాత ఆయన డయాసిస్ తొలి బిషప్ గారితో కలిసి తీయించుకున్నట్టు అతికించిన ఫొటో. ఆ తర్వాత 'చరిత్ర, నిర్వహణ' అని మొదటి అధ్యాయం. అది రాసింది మా రిజిస్ట్రార్ గారు. టైపు చేసింది నేను. చివర పాస్టరేట్లవారీగా, అంటే ఒక్కో పాస్టరు కింది సంఘంవారీగా, పూర్తి సభ్యుల జాబితాలుంటాయి. ప్రతి సంఘమూ తన రిజిస్టరు ఆఫీసుకు పంపాలి, నేను జాబితాను దానితో సరిచూసి, అడుగున 'సరిచూసినవారు' అన్నచోట సంతకం పెట్టాలి. ఆ సంతకం లేనిదే జాబితా చెల్లదని మా రాజ్యాంగంలో ఉంది. మాకో రాజ్యాంగం కూడా ఉంది మరి.

చరిత్ర అధ్యాయం భలే ఉంటుంది. 'దేవుని కృపవల్ల పాత మిషను, కొత్త మిషను ఒకే మందగా ఐక్యమైనవి' అని, ముందొచ్చిన మిషనరీల సంఘాలూ తర్వాతొచ్చినవాళ్ళ సంఘాలూ కలిసిన కథంతా ఒక్క వాక్యంలో తేల్చేశారు. అప్పటి మినిట్సు పుస్తకాలు నా వెనక బీరువాలోనే ఉన్నాయి, నేను చదివాను. కృప రావడానికి నాలుగేళ్ళు పట్టింది. గొడవంతా కప్పు గురించి. పాత మిషను వాళ్ళు ఒకే పెద్ద వెండి గిన్నె నోటినుంచి నోటికి మార్చుకుంటూ తాగేవాళ్ళు. కొత్త మిషను వాళ్ళకు ఎంగిలంటే ఒళ్ళు జలదరింపు, ఎవరి కప్పు వాళ్ళకుండాలన్నారు. పదకొండు సమావేశాలు కొట్టుకుని చివరికి ఏ గుడి అలవాటు ఆ గుడిదేనని రాసుకుని సంతకాలు చేశారు. మాది చిన్న కప్పుల గుడి. నూట ఇరవై కప్పులు, చిల్లులున్న చెక్క పళ్ళేలు నాలుగు.

ఇక నిర్వహణ. పైన బిషప్ గారు. కింద తొమ్మిది డీనరీలు, వాటి కింద అరవై మూడు పాస్టరేట్లు, ఒక్కో పాస్టరేటుకు ఒక కమిటీ, కమిటీకి సెక్రటరీ. మూడేళ్ళకోసారి డయాసిస్ కౌన్సిలు కూర్చుంటుంది. మూడువందల మంది పూర్తి సభ్యులున్న పాస్టరేటు అక్కడికి ఇద్దర్ని పంపవచ్చు. ఒక్కరు తగ్గినా ఒక్కర్నే పంపాలి. ఈ అమరికంతా గడులుగా, గీతలుగా పటం గీసింది కూడా నేనే, స్కేలు పెట్టి. ఆ పటంలో మా పాస్టరేటు సెక్రటరీ అని రాసిన గడి మా అన్నయ్యది.

మా అమ్మ ఏ గడిలోనూ లేదు. ఆవిడ కప్పులు కడిగేది.

ముప్ఫై నాలుగేళ్ళు కడిగింది. అందరూ ఆమెను కప్పులమ్మ అనేవాళ్ళు, అసలు పేరు అయ్యగారికి కూడా గుర్తుండేది కాదు. ఆరాధన అయిపోయి జనం మెట్లమీద కబుర్లు చెప్పుకుంటుంటే, అమ్మ గుడి పక్కగదిలో, మేము వెస్ట్రీ అంటాం, కొంగు బొడ్లో దోపుకుని తొట్టి దగ్గర నిలబడేది. దానికో పద్ధతుంది. మొదటి కడుగు నీళ్ళు తూములో పోయకూడదు. కప్పుల అడుగున మిగిలిన రసం ఆ నీళ్ళలో ఉంటుంది, అది ప్రార్థన చేసి పంచినది. దాన్ని బేసిన్‌లోకి పట్టి, బయటికి తీసుకెళ్ళి ప్రహరీగోడ మూల మట్టిలో పొయ్యాలి. ఆ తర్వాత సబ్బు, ఆ తర్వాత వేడినీళ్ళు, ఆ తర్వాత పాత దుప్పటి ముక్కతో ఒక్కో కప్పూ వెలుగుకు పట్టి చూసి తుడవడం. నూట ఇరవై కప్పుల్లో ఒక్కదానికి పెదవి మరక మిగిలినా ఆమెకు తిండి సహించేది కాదు.

పద్నాలుగేళ్ళ కిందట బిషప్ ఎన్నికలో గొడవ జరిగింది. 'కొన్ని అపార్థములు' అని రిజిస్ట్రార్ గారి అధ్యాయంలో ఉంది. ఆ అపార్థాల్లో రెండు కుర్చీలు విరిగాయి, ఒక డీన్ గారి పన్ను ఊడింది. మా సంఘంలో సగం మంది విడిపోయి వీధి చివర సైకిళ్ళ కొట్టు మీది గదిలో ఆరాధన పెట్టుకున్నారు. వాళ్ళకు అయ్యగారు దొరికారు, పాటల పుస్తకాలు దొరికాయి, కప్పులు మాత్రం లేవు. ఒక శనివారం మా అమ్మ అరవై కప్పులు గుడ్డలో చుట్టి, రెండు పళ్ళేలు చంకన పెట్టుకుని ఆ మెట్లెక్కి ఇచ్చి వచ్చింది. మర్నాడు మళ్ళీ వెళ్ళి కడిగి వచ్చింది. ఆవిడ మాత్రం మా గుడి వదల్లేదు, వాళ్ళ ఆరాధనలో ఒక్కసారి కూడా కూర్చోలేదు.

కమిటీ పిలిచి నిలబెట్టింది. కొత్తగా సెక్రటరీ అయిన మా అన్నయ్యే అడిగాడు, ఎవరో పరాయి మనిషిని అడిగినట్టు.

"కప్పులు సంఘం ఆస్తి. ఎవరి అనుమతితో ఇచ్చారు?"

"దాహమేసినవాళ్ళకు నీళ్ళివ్వడానికి అనుమతేంట్రా?" అంది అమ్మ. "వాళ్ళేమన్నా నిన్నగాక మొన్న పుట్టారా? మొన్నటిదాకా మన బెంచీల మీద కూర్చున్నవాళ్ళేగా."

'విభజనకు సహకరించినందున' సంస్కారం ఆపేస్తూ తీర్మానం రాశారు. రిజిస్టరులో ఆమె పేరు పక్కన ఎర్ర చుక్క పెట్టారు. ఆదివారం ఆ తీర్మానాన్ని సంస్కారపు బల్ల దగ్గర నిలబడి గొంతు సవరించుకుని చదివింది అన్నయ్యే. అమ్మ తలెత్తి వాడి చొక్కా కాలరు వంక చూసింది. ఆ చొక్కా ఆ ఉదయమే ఆమె ఇస్త్రీ చేసింది.

మూడేళ్ళకు బిషప్పులు రాజీ పడ్డారు. విడిపోయినవాళ్ళంతా తిరిగొచ్చారు, కావలించుకున్నారు, ఫొటోలు దిగారు. వెళ్ళిపోయిన కుటుంబాల పేర్లన్నీ జాబితాగా రాసి, ఒక్క సంతకంతో అందరి శిక్షలూ ఎత్తేశారు. మా అమ్మ పేరు ఆ జాబితాలో లేదు. ఎందుకుంటుంది? ఆవిడ అసలు వెళ్ళిపోలేదుగా! గుడి వదిలినవాళ్ళందరికీ రొట్టె దొరికింది, వదలని మనిషికి మాత్రం దొరకలేదు. ఇంత తెలివితక్కువ పని చేయాలంటే ఒక్క మనిషి వల్ల కాదు, కమిటీ కావాలి.

సరిచేయడానికి దారి ఉంది, ఫారం ఉంది. రాజ్యాంగంలో మూడో షెడ్యూలు. 'నేను చేసిన తప్పును ఒప్పుకొని పశ్చాత్తాపపడుచున్నాను' అని సంతకం పెట్టాలి. అమ్మ చదివి ఫారం మడిచి పక్కన పెట్టింది.

"నా వల్ల పొరపాట్లు బోలెడు. ఇది మాత్రం కాదు. చేయని తప్పు ఒప్పుకుంటే అది అబద్ధం. అబద్ధమాడి బల్ల దగ్గరకు పొమ్మంటావా?" అంది నాతో.

ఫారం లేకుండా కమిటీయే తీర్మానం చేయవచ్చు. ఆ మాట అజెండాలో పెట్టాల్సింది సెక్రటరీ. "వచ్చే మీటింగులో పెడతా" అన్నాడు అన్నయ్య. అమ్మ పోయేదాకా వచ్చే మీటింగు రాలేదు. మాట తెస్తే నీళ్ళు నమిలేవాడు. తల్లి పక్షం మాట్లాడాడంటారని భయం. ఎవరంటారు అంటే చెప్పలేడు.

మరి కప్పుల సంగతో? కప్పులు ఆవిడే కడిగింది. శిక్షలో కప్పులు కడగకూడదని లేదు. సంస్కారం మొదలవగానే అయ్యగారు ఒకసారి ఆగి దగ్గుతారు, శిక్షలో ఉన్నవాళ్ళు లేచి బయటికి వెళ్ళాలని దానర్థం. అమ్మ లేచి వెళ్ళి వెస్ట్రీ మెట్టు మీద కూర్చునేది. లోపల మేమందరం తాగి, పెదవులు తుడుచుకుని, ఖాళీ కప్పులు పళ్ళెంలో పెడితే అవి ఆమె దగ్గరకు వెళ్ళేవి. మేమందరం అన్నాను. నేను కూడా తాగాను. పన్నెండేళ్ళలో ఒక్క ఆదివారం కూడా లేచి ఆ మెట్టు మీద ఆమె పక్కన కూర్చోలేదు. ఇది రాస్తుంటే నా నోరు నాకే చేదుగా ఉంది.

అమ్మ వానల్లో పోయింది. శిక్షలో ఉన్నవాళ్ళను అయ్యగారు పాతిపెట్టకూడదు. సమాధుల తోటలో వరుసలో చోటివ్వలేదు, ప్రహరీగోడ మూల ఇచ్చారు. ఆవిడ మొదటి కడుగు నీళ్ళు పోసిన మూలే. నేనూ, ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళూ, గుంట తవ్విన మనిషీ ఉన్నాం. అన్నయ్య గేటు దాకా వచ్చి, గొడుగు కింద నిలబడి, "నేను ఆఫీసు బేరర్ని, లోపలికి రాకూడదు, అర్థం చేసుకో" అని వాచీ చూసుకుని వెళ్ళిపోయాడు. వాడి గొడుగు చాలా పెద్దది. ఆ తర్వాత నెలనుంచి కప్పులు నేను కడగడం మొదలుపెట్టాను, ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు.

అయ్యగారు పాతిపెట్టలేదు కాబట్టి సమాధుల పుస్తకంలో నమోదు లేదు. సమాధుల పుస్తకంలో లేదు కాబట్టి సభ్యుల రిజిస్టరులో పేరు కొట్టేయలేదు. అంటే మా డయాసిస్ కాగితాల ప్రకారం మా అమ్మ చనిపోలేదు. ఇప్పుడు ఎర్ర చుక్కను బ్లేడుతో గీకేసి, ఆరు టిక్కులు పెట్టి, మూడువందలో పేరుగా నా బల్ల మీదకు పంపారు. గీకినచోట కాగితం పల్చబడి వెనకపేజీ అక్షరాలు కనిపిస్తున్నాయి.

మధ్యాహ్నం అన్నయ్య కొట్టుకు వెళ్ళాను. కళ్ళజోళ్ళ కొట్టు వాడిది. ఎవరిదో అద్దం తుడుస్తూ కూర్చున్నాడు.

"అమ్మకు టిక్కులు పెట్టింది నువ్వేనా?" అన్నాను.

తల ఎత్తలేదు. "రెండువందల తొంభై తొమ్మిది దగ్గర ఆగిందే. ఒక్కటి తక్కువైంది. ఒక్కటి! దానికోసం ఒక సీటు పోవాలా?"

"ఆ సీటు నీదేగా."

"నాదైతే తప్పేంటి? ఇన్నేళ్ళు చాకిరీ చేశాను."

"చచ్చినవాళ్ళు ఇంకా బోలెడుమంది ఉన్నారుగా. అమ్మే దొరికిందా?"

అద్దం పక్కన పెట్టి, నేనేదో చిన్నపిల్లనైనట్టు ఓపిగ్గా చెప్పాడు. "ఇంకొకళ్ళ అమ్మ పేరు పెడితే వాళ్ళ పిల్లలు ఊరుకుంటారా? పెద్ద రభస అవుతుంది. అమ్మైతే మనింటి మనిషి. అడిగేవాళ్ళెవరు?"

వాడి ముఖం చూశాను. అందులో దొంగతనం లేదు, సిగ్గు లేదు, లెక్క కుదిరిన మనిషి తృప్తి ఉంది. నాకు వాడి మీద కోపం కంటే వాడు తుడిచే ఆ గుడ్డ మీద, ఆ కొట్టులో వాసన మీద, వాడి చేతి వేళ్ళ మీద అసహ్యం పుట్టింది.

"అయినా ఆలోచించవే," అన్నాడు గొంతు తగ్గించి. "బతికుండగా ఇవ్వలేకపోయాం. కాగితం మీదన్నా ఇచ్చానుగా. అమ్మ పూర్తి సభ్యురాలని అచ్చులో వస్తుంది. నువ్వు పేరు కొట్టేస్తే ఏమవుతుంది? శిక్షలో ఉండగానే చచ్చిపోయిందని తేలుతుంది. నీ చేత్తో నువ్వే అమ్మను మళ్ళీ బయటికి గెంటుతావు."

సమాధానం చెప్పకుండా వచ్చేశాను. ఎందుకంటే ఆ వెధవ చెప్పినదాంట్లో నిజం ఉంది. ఆ దొంగ టిక్కులు తప్ప మా అమ్మకు రొట్టె పెట్టిన చోటు ఈ లోకంలో ఇంకోటి లేదు. వాటిని కొట్టేయాల్సింది నేను.

మర్నాడు రిజిస్ట్రార్ గారు తన గదికి పిలిచారు. అన్నయ్య ఫోన్ చేసి ఉంటాడు. రిజిస్ట్రార్ గారు మెత్తటి మనిషి. మాట మెత్తన, చెయ్యి మెత్తన, కుర్చీలో దిండు మెత్తన. డెబ్బై అయిదేళ్ళ చరిత్రలో ఎవరినీ నొప్పించకుండా రాయగలిగింది ఆయనొక్కరే.

"కూర్చోమ్మా. మీ అమ్మగారి విషయం విన్నాను. చాలా బాధాకరం. సంఘం ఆవిడకు న్యాయం చేయలేదు," అన్నారు.

పద్నాలుగేళ్ళలో ఆ మాట అన్న మొదటి మనిషి ఆయన. నా కళ్ళు చెమ్మగిల్లాయి. అందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

"ఒక దారుంది," అన్నారాయన. "మూడో షెడ్యూలు ప్రకారం శిక్ష ఎత్తేసినట్టు ఉత్తరం ఒకటి ఇద్దాం. ఆవిడ పోవడానికి రెండు నెలల ముందు తేదీ వేద్దాం. బిషప్ గారి సంతకం నేను తెస్తాను. జాబితా ఇప్పుడున్నట్టే అచ్చుకు పోనీ. వచ్చే ఏడాది మరణం నమోదు చేద్దాం. అప్పుడు అయ్యగారు వచ్చి సమాధి దగ్గర ప్రార్థన చేస్తారు, ఆదివారం పేరు చదువుతారు, శిలువ నాటిస్తారు. అంతా పద్ధతి ప్రకారం."

"అంటే అమ్మ వచ్చే ఏడాది చనిపోతుందా సార్?"

"కాగితం మీద తల్లీ, కాగితం మీద."

మూడేళ్ళు ఆలస్యంగా, మచ్చలేకుండా, పద్ధతిగా చనిపోయే ఏర్పాటు. నవ్వుకోవాల్సిన మాట. కానీ నేను నవ్వలేదు. అయ్యగారి నోటివెంట అమ్మ అసలు పేరు వినబడటం, గోడ మూల శిలువ, ఆ ముందు ఒక కుర్చీ వేసుకుని నేను కూర్చోవడం, ఇవన్నీ కళ్ళకు కట్టాయి. ఆశ పుట్టింది. సరేనన్నాను. అవును, సరేనన్నాను. వెళ్ళి నా టైపు మిషను ముందు కూర్చుని, లెటర్‌హెడ్డు ఎక్కించి టైపు చేయడం మొదలుపెట్టాను.

సంఘం పేరు కొట్టాను. తేదీ కొట్టాను, దొంగ తేదీ. అమ్మ పేరు కొట్టాను, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. ఆ పేరును ఆ లెటర్‌హెడ్డు మీద చూస్తే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. తర్వాత పక్కన ఉన్న నమూనా చూసి దించడం మొదలుపెట్టాను. 'పై సభ్యురాలు తాను చేసిన తప్పును ఒప్పుకొని పశ్చాత్తా' వరకు వచ్చాక వేళ్ళు ఆగిపోయాయి.

ఆ మాట రాయనందుకే ఆవిడ పన్నెండేళ్ళు మెట్టు మీద కూర్చుంది. ఫారం మడిచి పక్కన పెట్టిన ఆ చేతులు నాకు గుర్తొచ్చాయి. సబ్బునీళ్ళకు మెత్తబడి, వేళ్ళ చివర ముడతలు పడ్డ చేతులు. ఆవిడ బతికుండగా ఎంతమంది చెప్పినా పెట్టని సంతకాన్ని ఆవిడ కూతురు మిషను మీద టకటకా కొట్టి పెట్టేస్తోంది. అన్నయ్య ఆరు టిక్కులే పెట్టాడు. నేను ఆవిడ నోట్లో మాట పెడుతున్నాను.

కాగితం పట్టుకుని రిజిస్ట్రార్ గారి గదికి వెళ్ళాను.

"సార్, ఈ ఒక్క వాక్యం తీసేద్దాం. మిగతా అంతా ఉండనివ్వండి. 'సంఘం చేసిన పొరపాటును సరిదిద్దుతూ' అని రాద్దాం."

ఆయన నిజంగా నొచ్చుకున్నారు. "అదెలా కుదురుతుందమ్మా? అది షెడ్యూలు. మాట మార్చాలంటే రాజ్యాంగ సవరణ కావాలి, కౌన్సిలులో మూడింట రెండొంతులు కావాలి, మనపైనున్న సినడు ఒప్పుకోవాలి."

"తేదీ మార్చొచ్చా సార్?"

"తేదీ వేరు."

"బతికుందనొచ్చా?"

"అమ్మా, అది వేరు."

"తప్పు ఆవిడది కాదనడం మాత్రం కుదరదు."

ఆయన పేపర్‌వెయిట్‌ను ఇటునుంచి అటు జరిపి, "ఇంత మంచి అవకాశం..." అని గొణిగారు. ఆ మెత్తటి గొంతు ఉందే, దాన్ని తలచుకుంటే నాకిప్పటికీ చెయ్యి కడుక్కోవాలనిపిస్తుంది. అన్నయ్య గొడుగు నయం.

ఉత్తరాన్ని ఆయన ఎదురుగానే నాలుగు ముక్కలు చేశాను. నా బల్ల దగ్గరకొచ్చి రిజిస్టరు తెరిచాను. ఆరు టిక్కుల మీదుగా ఒక గీత గీశాను, స్కేలు పెట్టి. అమ్మ పోయిన తేదీ రాశాను. చివర 'రిమార్కులు' అని వెడల్పాటి గడి ఉంటుంది, అరవై మూడు పాస్టరేట్ల రిజిస్టర్లలోనూ అది ఖాళీగానే ఉంటుంది. అందులో కుదురుగా ఇలా రాశాను: 'ఈ ఆరుసార్లూ ఈమెకు ఇవ్వలేదు. అంతకుముందు పన్నెండేళ్ళూ ఇవ్వలేదు. తప్పు ఒప్పుకోలేదు, తప్పు చేయలేదు. ముప్ఫై నాలుగేళ్ళు కప్పులు కడిగింది.' జాబితా అడుగున మొత్తం రెండువందల తొంభై తొమ్మిది అని దిద్ది, సరిచూసినవారు అన్నచోట సంతకం పెట్టాను. రిజిస్టరు పేజీలకు అంకెలుంటాయి, చింపడానికి వీల్లేదు. అది కూడా షెడ్యూలే.

ఆ వారంలోనే నన్ను టైపు నుంచి టపా విభాగంలోకి మార్చారు. ఇప్పుడు కవర్లకు జిగురు రాస్తున్నాను. మా పాస్టరేటుకు ఒక్క సీటే దక్కింది. దానికి వయసులో పెద్దాయన వెళతారు. అన్నయ్య నాతో మాటలు మానేశాడు. డైరెక్టరీ అచ్చయింది, 'కొన్ని అపార్థములు' అలాగే ఉన్నాయి, మా అమ్మ అందులో ఎక్కడా లేదు. శిక్షలో ఉండగానే చనిపోయిన మనిషిగా మిగిలింది. దాన్ని నా చేత్తో నేనే ఖాయం చేశాను. అయినా రాత్రిళ్ళు నిద్ర బాగానే పడుతోంది.

రిజిస్టరు దిద్దిన తర్వాతి నెల మొదటి ఆదివారం అయ్యగారు ఆగి దగ్గారు. శిక్షలో ఉన్నవాళ్ళెవరూ లేరు. నేను లేచాను. జనం తలలు తిప్పి చూస్తుండగా నడవలోంచి బయటికి నడిచి, వెస్ట్రీ మెట్టు మీద కూర్చున్నాను. మెట్టు మధ్యలో కొంచెం అరిగి ఉంది. అక్కడ కూర్చుంటే లోపలి పాట వినిపిస్తుంది, మాటలు తెలియవు.

ఆరాధన అయ్యాక పళ్ళేలు వచ్చాయి. తొట్టి పక్కన పెట్టి వెళ్ళిపోయారు. నేను లేవలేదు. పది నిమిషాలయింది, ఇరవై అయింది. బీరువాకు తాళం వేయాల్సింది సెక్రటరీ కాబట్టి చివరికి అన్నయ్య వచ్చాడు. కప్పుల వంక, నా వంక చూశాడు. కప్పుల అంచులకు ఈగలు మూగుతున్నాయి.

"కడగవా?" అన్నాడు. నెల తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట అది.

"కడగను."

"మరెవరు కడుగుతారు?"

"రెండువందల తొంభై తొమ్మిది మంది ఉన్నారుగా."

ముఖం ఎర్రబడింది. ఎవరూ రారని తెలిశాక చొక్కా చేతులు పైకి మడిచాడు. కుళాయి తిప్పి, తిప్పలు పడుతూ పళ్ళెంలో కప్పులు ఒక్కొక్కటీ కడిగాడు. ఎర్రటి నీళ్ళు బేసిన్‌లో నిండాయి. బేసిన్ ఎత్తి తూములో వంచబోయాడు.

"అది తూములో పోయకూడదు," అన్నాను. "మొదటి కడుగు నీళ్ళు మట్టిలో పొయ్యాలి."

పద్నాలుగేళ్ళు సెక్రటరీగా ఉన్నవాడికి ఆ సంగతి తెలియదు. "ఎక్కడ?" అన్నాడు విసుగ్గా.

"అమ్మ ఉన్నచోట."

వాడు బేసిన్ రెండు చేతులా పట్టుకుని, చొక్కా మీద ఒలక్కుండా మోచేతులు దూరంగా పెట్టుకుని, నా పక్కనుంచి మెట్టు దిగాడు. సమాధుల తోటలో రెండడుగులు వేసి ఆగాడు. అటూ ఇటూ చూశాడు. నన్ను అడగడానికి నోరు రాలేదు. కుడివైపు తిరిగి, రాళ్ళ మీద పేర్లు చదువుకుంటూ వెళ్ళాడు.

అమ్మ ఎడమవైపు ఉంది.